ఉయ్యాల తాడుకు కట్టిన ఇత్తడి రీలు

మొన్న ఆదివారం పొద్దున ఆత్మకూరులో మా ఇంటి వరండాలో కూర్చొని పేపరు తిరగేస్తుంటే, కావలి నుంచి ఒకాయన నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. బ్యాంకులో పని చేస్తాడట, పాత గాలపు సామాను పోగుచేసే సరదా ఈ మధ్యనే పట్టుకుందట. సంచిలోంచి మెత్తటి గుడ్డలో చుట్టిన ఇత్తడి రీలొకటి తీసి, పురిటిబిడ్డను అందించినంత జాగ్రత్తగా నా చేతిలో పెట్టి, ఇది నిజంగా దొరల కాలందేనా అని అడిగాడు. రీలంటే తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. గాలపు కర్ర మొదట్లో బిగించి, దారాన్ని చుట్టడానికీ వదలడానికీ పిడి పట్టి తిప్పే గుండ్రటి చక్రమది.

నేను దాన్ని చెవి దగ్గర పెట్టుకొని పిడి తిప్పాను. ఏమీ వినిపించలేదు. లోపలి నుంచి మా ఆవిడ నవ్వుతూ వచ్చి నా చెవి మిషను చేతికిచ్చింది. పెట్టుకొని మళ్ళీ తిప్పితే, డబ్బా రేకు మీద గోటితో గీకినట్టు బోలు చప్పుడు. అనుమానం వచ్చి వెనక్కి తిప్పి చూస్తే, కర్రకు బిగించే పట్టీ కింద ప్లస్ గుర్తు మరలు రెండు కనిపించాయి. పాతకాలం మరలకు ఒకే గీత ఉండేది. ఉన్నమాట మెల్లగా చెప్పాను. పాపం, ఆయన మొహం చిన్నబోయింది. కాఫీ తాగి కాస్త తేరుకున్నాక, మరలు చూడకముందే చప్పుడు విని ఎలా అనుమానించారని అడిగాడు. ఆయనకు అరగంటలో చెప్పిందే ఇక్కడ కొంచెం తీరుబడిగా రాస్తున్నాను. నా ఈడువాళ్ళు చదివితే సంతోషిస్తారని ఆశ.

ఈ పిచ్చి నాకు అంటించింది మా బావ, అంటే మా ఆవిడకు అన్న. ఆత్మకూరు బస్టాండు దగ్గర గడియారాలు బాగుచేసే చిన్న కొట్టు ఉండేది ఆయనకు. పెళ్ళయిన కొత్తలో నేను పండక్కో పబ్బానికో వెళితే, మిగతావాళ్ళు కొత్త అల్లుడికి సినిమా చూపిస్తారు గానీ, ఈయన నన్ను కొట్లో ముక్కాలిపీట మీద కూర్చోబెట్టి, కళ్ళు మూసుకోమని, చెవి దగ్గర ఒక్కో రీలూ తిప్పేవాడు. రీలు లోపల చిన్న ఉక్కు నాలుక ఒకటుంటుంది. అది పళ్ళచక్రానికి తగులుతూ, చేప లాగినప్పుడు దారం ఒక్కసారిగా చిక్కుపడిపోకుండా కాస్త నిలవరిస్తుంది. ఆ నాలుక చేసే కిర్రుమనే చప్పుడే రీలుకు గొంతు అనేవాడు బావ. మంచి ఉక్కయితే మిడత పాడినట్టు సన్నగా, తెంపు లేకుండా వస్తుంది. మనుషుల్ని గొంతు పట్టి పోల్చినట్టే రీళ్ళనూ పోల్చవచ్చని ఆయన నమ్మకం. కర్రలకయితే వేరే పరీక్ష. వెదురును సన్నటి బద్దలుగా చీల్చి, ఆరు బద్దలు కలిపి అతికించినదయితే, వేళ్ళతో నిమిరినప్పుడు పెన్సిలుకు లాగా ఆరు పలకలు తగులుతాయి. అలాంటి కర్ర కనిపిస్తే ఊపిరి బిగబట్టుకోమనేవాడు. అంతకంటే ముఖ్యంగా, వస్తువును చూడగానే నా మొహం వెలిగిపోకూడదనీ, అదేమిటో అవతలివాళ్ళకు తెలియనివ్వకూడదనీ హెచ్చరించేవాడు. ఈ చివరి పాఠమే నన్ను తర్వాత ఇబ్బందిలో పెట్టింది.

అవి స్టీలు సామాను పల్లెల్లోకి దిగుతున్న రోజులు. స్టీలాయన సైకిలు నిండా తళతళలాడే గిన్నెలు, క్యారియర్లు కట్టుకొని ఊరూరా తిరిగి, పాత ఇత్తడి, రాగి ఏముంటే అది తీసుకొని బదులుగా కొత్తవి ఇచ్చేవాడు. తీసుకున్నదంతా కరిగించడానికి పోయేది. అలా ఎన్ని మంచి రీళ్ళు కరిగి బిందెలూ చెంబులూ అయ్యాయో అని బావ చాలా బాధపడేవాడు.

నేనప్పుడు ఉదయగిరి పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా చేరి ఏడాది దాటింది. మోపెడ్ వెనక ఐసు పెట్టె కట్టుకొని, కొండ చుట్టూ ఉన్న పల్లెలకు వెళ్ళి గొర్రెలకు చిటుకు రోగం టీకాలు వేయడం, నట్టల మందు తాగించడం నా పని. ఒకనాడు కొండ అంచున ఉన్న చిన్న పల్లెలో, గొర్రెల దొడ్లో మోకాళ్ళ మీద కూర్చొని ఒక పొట్టేలు తొడ పట్టుకొని సూది గుచ్చబోతుండగా, పక్క ఇంట్లోంచి ఆ చప్పుడు వినిపించింది. సన్నగా, తెంపు లేకుండా, మిడత పాడినట్టు. నా చెయ్యి అలాగే గాలిలో నిలిచిపోయింది. పొట్టేలు నాకంటే తెలివైనది, ఆ సందులో తప్పించుకొని పోయింది.

ఏదో వంకతో మంచినీళ్ళడిగి లోపలికి వెళ్ళాను. నట్టింట్లో దూలానికి చీర ఉయ్యాల. అందులో ఆరు నెలల పసిపిల్ల. ఉయ్యాల తాడుకు అరచేతంత ఇత్తడి రీలు కట్టి ఉంది. పక్కన కూర్చొని ఒక చేత్తో ఉయ్యాల ఊపుతూ, మరో చేత్తో రీలు పిడిని నెమ్మదిగా తిప్పుతున్నది ఆ ఇంటి అవ్వ. చప్పుడు ఆగితే పిల్ల పెదవి విరుస్తున్నది, మొదలయితే కళ్ళు మూస్తున్నది. పిడి నల్లటి కొమ్ముతో చేసింది. చక్రం వెనక ఇంగ్లీషు అక్షరాలు అరిగిపోయి నీడలాగా మిగిలాయి. నా మొహం వెలగకుండా ఎంత అదుపు చేసుకున్నానో నాకే తెలుసు.

అదేదో పాత యంత్రం ముక్కలాగా ఉందే, నాకిస్తే పనికొస్తుంది, బదులుగా ఏం కావాలన్నా తెచ్చిస్తానన్నాను. అవ్వ నన్ను ఎగాదిగా చూసింది.

"నా ముగ్గురు కొడుకులూ, కూతురూ దీని చప్పుడికే నిద్ర పోయినారు. ఇప్పుడు ఈ మనవరాలు. దీన్ని పట్టుకపోతే పిల్లని నువ్వొచ్చి నిద్రపుచ్చతావా అబ్బయా?"

నీళ్ళ చెంబు అక్కడ పెట్టి, తప్పించుకున్న పొట్టేలును వెతకడానికి పోయాను. సాయంత్రం బస్సెక్కి ఆత్మకూరు వెళ్ళి బావకు చెబితే, ఆయన కంటికి పెట్టుకున్న భూతద్దం తియ్యడం మరిచిపోయి నా వైపు అలాగే చూశాడు.

అప్పటి నుంచి ఆ పల్లె గొర్రెలకు పట్టిన అదృష్టం జిల్లాలో ఏ గొర్రెలకూ పట్టలేదు. కాలు కుంటినా, తుమ్మినా నేను హాజరు. వెళ్ళిన ప్రతిసారీ పిల్ల కోసం ఏదో ఒకటి పట్టుకుపోయేవాణ్ణి. ఉదయగిరిలో చెక్క గరిటెలూ స్పూన్లూ చెక్కే పనివాళ్ళున్నారు కదా, వాళ్ళలో ఒక పెద్దాయన చేత నున్నటి చెక్క గిలక్కాయ చేయించి ఇచ్చాను. పిల్ల దాన్ని నోట్లో పెట్టుకొని చప్పరించి అవతల పారేసింది. బావ పాత అలారం గడియారంలోని పళ్ళచక్రాలు బిగించి, పిడి తిప్పితే కిర్రుమనే పెట్టె ఒకటి పది రోజులు కష్టపడి చేశాడు. దాన్ని తిప్పగానే పిల్ల గుక్కపట్టి ఏడ్చింది. అవ్వ పగలబడి నవ్వి, ఆ వెటకారంతోనే నాకు గిన్నెడు మజ్జిగ, పెరట్లో కోసిన మునక్కాయల కట్ట ఇచ్చి పంపింది. ఆ మజ్జిగ తాగుతూ, ఆ ఇంటి అరుగు మీద కూర్చొని, రీలు కోసం వస్తున్నానా అవ్వ మాటల కోసం వస్తున్నానా అన్నది మెల్లమెల్లగా నాకే తెలియకుండా పోయింది. ఆమె భర్త పోయి చాలా ఏళ్ళయింది. ఆయన పడుచువాడుగా ఉన్నప్పుడు, పెన్న ఒడ్డున గుడారాలు వేసుకొన్న దొర ఒకాయన దగ్గర సామాను మోసే పనికి కుదిరాడట. ఆ దొర వెళ్ళిపోతూ ఇది ఇచ్చిపోయాడట. అది దేనికో మాత్రం తను నమ్మేటట్టు ఎవరూ చెప్పలేదనేది. నేను తల వంచుకొని మజ్జిగ తాగేవాణ్ణి.

పిల్లకు రెండో ఏడు నడుస్తుండగా ఒకరోజు పొద్దెక్కాక వెళ్ళాను. ఉయ్యాల విప్పేశారు. దూలానికి తాడు మాత్రం వేలాడుతున్నది. తన కోడలు, అంటే పిల్ల తల్లి, స్టీలు క్యారియరు కొనుక్కుందని అవ్వ నాతో చెబుతూ, ఏమిచ్చి తెచ్చుకుందో అప్పటికప్పుడే తట్టినట్టుంది, మాట మధ్యలో ఆగిపోయింది. కోడలు వంటింటి గడప దగ్గర నిలబడి, పిల్ల పెద్దదయిపోయింది, ఉయ్యాల కూడా తీసేశాం, ఇంక దాంతో ఏం పని అనుకున్నానని నసిగింది. ఆ అమ్మాయి తప్పూ లేదు. ఆ ఊళ్ళో క్యారియరు లేని ఇల్లు అదొక్కటే.

అవ్వ అరవలేదు. క్యారియరు తీసి చంకన పెట్టుకొని నా మోపెడ్ దగ్గరికి నడిచింది.

"ఆ స్టీలోడు వింజమూరు దోవ పట్టి ఉంటాడు. పోనీ బండి."

జన్మలో బండెక్కని మనిషి. ఐసు పెట్టె విప్పి అరుగు మీద పెట్టేసి, ఆమెను వెనక ఎక్కించుకున్నాను. ఒక చేత్తో క్యారియరు, మరో చేత్తో నా చొక్కా కాలరు పట్టుకున్నది. ఎత్తు వచ్చినప్పుడల్లా బండి మూలిగేది, నా మెడ బిగిసేది. దారిలో ఎదురైనవాళ్ళందరూ, ఏందవ్వా ఎక్కడికి అని అడిగితే, కేకేసి కారణం చెప్పేది. రెండు ఊళ్ళు దాటాక, వేపచెట్టు నీడలో సైకిలు ఆపుకొని సద్ది తింటూ కనిపించాడు స్టీలాయన.

ఇచ్చింది తిరిగి తీసుకోవడం తన వ్యాపారంలో లేదన్నాడు. అవ్వ అతని ఎదురుగా బాసిపట్లు వేసుకొని కూర్చున్నది.

"నువ్వు అన్నం తిను నాయనా, నాకేం తొందర లేదు. నువ్వు ఏ ఊరు పోతే ఆ ఊరు నేనూ వస్తా. నీ గిన్నెలు మంచియ్యో చెడ్డియ్యో ఆడోళ్ళకి నేనే చెప్తా."

అతను రెండు ముద్దలు తిన్నాడు. మూడో ముద్ద దిగలేదు. చెయ్యి కడుక్కొని గోతం విప్పి, పగిలిన చెంబులూ సొట్టల గంగాళాల మధ్య నుంచి రీలు తీసి ఇచ్చి, క్యారియరు పుచ్చుకున్నాడు. ఇంకొక్క పూట ఆలస్యమయి ఉంటే అదీ కరిగి ఏ చెంబో అయ్యేది.

తిరుగు దారిలో బండి వేడెక్కి ఆగిపోయింది. రోడ్డు పక్కన రాళ్ళ మీద కూర్చున్నాం. అవ్వ రీలును చీర కొంగుతో తుడుస్తూ అడిగింది.

"సరే గానీ, యాడాదిగా దీని చుట్టూ తిరగతా ఉండావు. ఇదేందో నీకు తెలుసు. చెప్పు."

బావ నేర్పిన పాఠం ఆ క్షణాన గుర్తొచ్చింది, గుర్తొచ్చి సిగ్గేసింది. ఎండలో నా వెనక కూర్చొని అంత దూరం వచ్చిన మనిషి దగ్గర ఇంకా ఏం దాస్తాను. ఉన్నదంతా చెప్పేశాను. ఇది గాలపు కర్రకు బిగించే చక్రమనీ, ఆ కర్ర లేకుండా పనిచేయదనీ, ఇలాంటివి మళ్ళీ తయారు కావనీ, దీని కోసం మా బావా నేనూ వేసిన వేషాలనూ పూసగుచ్చినట్టు చెప్పి, నీది నీ దగ్గరే ఉంచుకో అవ్వా, దయచేసి ఎవరికీ మాత్రం ఇవ్వొద్దన్నాను. కోప్పడుతుందనుకున్నాను. కడుపు పట్టుకొని నవ్వింది.

"మా ఆయన కూడా ఇదే మాట చెప్పినాడు, చేపలు పట్టేదని. నమ్మలేదు నేను. చక్రం పోయి చేపని ఎట్టా పడతాదిరా? నాకు చూపించు. అయితే కర్ర కావాలంటివే, ఆ కర్ర కూడా ఇంట్లో ఉండాది."

ఇల్లు చేరాక, అదెక్కడుందో అవ్వ చూపించినప్పుడు నేను నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాను. ఏడాదిగా నాకు మునక్కాయలు కోసి ఇస్తున్న దోటి అది. కొసకు కొడవలి కట్టి, పెరటి గోడకు ఆనించి ఉండేది. నేనే ఎన్నోసార్లు దాన్ని పక్కకు జరిపి నా బండి నిలబెట్టుకున్నాను. మట్టీ జిగురూ తుడిచి నిమిరితే వేళ్ళకు ఆరు పలకలూ ఒక్కొక్కటిగా తగిలాయి. మూడు ముక్కల కర్రలో కొసముక్క పోయింది, మిగిలిన రెండూ గట్టిగా ఉన్నాయి. రీళ్ళ గొంతులు పోల్చడం వచ్చిందని విర్రవీగిన నన్ను చూసి బావ వారం రోజులు నవ్వాడు.

ఆ నవ్వుతూనే తన కర్రల్లోంచి సరిపోయే కొసముక్క తీసి అతికించాడు. కర్ర మీద దారం నడిచే కళ్ళను, అంటే చిన్న ఉంగరాలను, మా ఆవిడ తన పెళ్ళి పట్టుచీర అంచులోంచి లాగిన పోగులతో చుట్టి బిగించింది. ఒక ఆదివారం అవ్వనూ, కోడలినీ, పిల్లనూ బస్సులో ఆత్మకూరు రప్పించి, అందరం కలిసి చేజర్ల వైపు పెన్న ఒడ్డుకు వెళ్ళాం. పులిహోర, పెరుగన్నం కట్టుకున్నాం. వానలు వెనకబట్టి నీళ్ళు తేరుకున్న రోజులు. తవుడు ముద్ద ఎర గుచ్చి, బావ గాలం విసిరి, కర్ర అవ్వ చేతికిచ్చి, చేప లాగితే పిడి వదిలెయ్యి, లేకపోతే వేళ్ళు చితుకుతాయని నాలుగుసార్లు చెప్పాడు.

గంటసేపు ఏమీ జరగలేదు. అవ్వ మాకు ఒక్కొక్కరికీ ఒక్కో వెటకారం పంచిపెడుతున్నది. ఇంతలో నీళ్ళ మీద తేలే బెండు ఒకసారి ఊగి, మాయమయింది. కర్ర విల్లులాగా వంగింది. రీలు కిర్రుమని ఎత్తుకున్న పాట మేమెవ్వరం అంతకు ముందు విననంత పెద్దది, నది అవతలి గట్టు దాకా వినిపించి ఉంటుంది. బావ కేకలు వేస్తున్నాడు, నేను నీళ్ళలోకి దిగిపోయాను, కోడలు చెప్పులు వదిలేసి పరిగెత్తుకొచ్చింది. అవ్వ ఒక్కతే తొణకలేదు. ఎప్పుడు వదలాలో, ఎప్పుడు చుట్టాలో ఎవరూ చెప్పనక్కరలేకపోయింది. ఐదుగురు పిల్లల్ని ఆ పిడితో జోకొట్టిన చెయ్యి కదా. చేప లాగితే వదిలింది, అలిసితే తిప్పింది. చివరికి నేను రెండు చేతులతో ఒడ్డుకు ఎత్తి వేసింది మా ఆవిడ మోచెయ్యంత బొచ్చె చేప. వెనక్కి తిరిగి చూస్తే, అంత గోలలోనూ మా ఆవిడ ఒళ్ళో పిల్ల హాయిగా నిద్రపోతున్నది.

"నిజమే చెప్పినాడు ఆ ముసిలోడు" అన్నది అవ్వ, చేపను చూస్తూ. "బతికుండంగా ఒక్కసారి నమ్మి ఉంటే పొయ్యేది."

అంతలోనే లేచి, పొయ్యి ఎక్కడ పెడదామని అడిగింది. ఇసకలో మూడు రాళ్ళు పెట్టి పులుసు కాచింది. అలాంటి పులుసు నేను మళ్ళీ తినలేదు.

సాయంత్రం బస్సు ఎక్కేముందు రీలూ కర్రా నా చేతిలో పెట్టింది. నాకొద్దన్నాను. నువ్వు అడిగినప్పుడు ఇయ్యలేదు, ఇప్పుడు అడగలేదు గనక ఇస్తా ఉండా, ఏడాదికోసారి నన్ను ఈడికి తీసకరా చాలు అన్నది. తర్వాతి నెల బావ, నేనూ వెళ్ళి కోడలికి నాలుగు గిన్నెల క్యారియరు ఇచ్చి వచ్చాం. అవ్వ చెప్పినట్టే ఏటా వానలు వెనకబట్టాక పెన్న ఒడ్డుకు తీసుకెళ్ళేవాళ్ళం. తొమ్మిదేళ్ళు వచ్చింది. చివరి రెండేళ్ళూ కర్ర పట్టే సత్తువ లేక, ఒడ్డున దుప్పటి మీద కూర్చొని మాకు తప్పులు చెబుతూ గడిపింది.

ఇప్పుడు బావా లేడు, అవ్వా లేదు. కోడలు వాళ్ళు ఆ పల్లె వదిలి ఎక్కడో స్థిరపడ్డారు. నా దగ్గర ఇరవైకి పైగా రీళ్ళు పోగయ్యాయి గానీ, ఈ మధ్య వచ్చినవన్నీ ఫోనులో బొమ్మ చూసి, ఫోనులోనే మాట్లాడుకొని, అట్టపెట్టెలో ఇంటికి వచ్చినవే. మంచి వస్తువులే, కాదనను. కానీ పెట్టె విప్పితే వస్తువు ఒక్కటే ఉంటుంది. దాన్ని ఎవరు వాడారో, ఏ దూలానికి కట్టుకున్నారో, ఇవ్వనని ఎంత గట్టిగా పట్టుపట్టారో తెలియదు. మేము రీళ్ళ కోసం తిరిగామనుకున్నాం గానీ, ఆ వంకన ఎంతమంది ఇళ్ళల్లో మజ్జిగ తాగామో అప్పట్లో లెక్కలోకే రాలేదు.

పోయిన ఏడాది ఉదయగిరిలో పెళ్ళికి వెళ్ళి, వస్తూ వస్తూ ఆ పల్లె మీదుగా రమ్మన్నాను కారు నడిపే అతన్ని. సిమెంటు రోడ్డు పడింది, మేడలు లేచాయి, అన్నిటికీ ప్రహరీలు, ఇనుప గేట్లు. గొర్రెల దొడ్డి గానీ, దాని పక్కన అవ్వ ఇల్లు గానీ ఉన్నచోటు పోల్చుకోలేకపోయాను. కారు దిగి నీడలో నిలబడితే, ఎవరింటికి సార్ అని గేటు లోపలి నుంచి ఒకమ్మాయి మర్యాదగానే అడిగింది. ఏమీ లేదమ్మా, ఊరికే ఆగానన్నాను. ఒకప్పుడు ఆ ఊళ్ళో నాకు ఏ వాకిట్లోకి వెళ్ళాలన్నా గ్లాసెడు నీళ్ళడిగితే సరిపోయేది. ఆరోజూ ఎండ బాగానే ఉన్నది, దాహమూ వేసింది. కానీ కారులో సీసా ఉండగా నీళ్ళెలా అడగాలో తోచక, ఇంకాసేపు నిలబడి వచ్చేశాను.